ఏ వయసు వారికి ఏ వేదిక: హైదరాబాద్ చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ ప్రకటనల ఎంపిక

హైదరాబాద్‌లో బట్టల దుకాణమో, క్లినిక్కో, కోచింగ్ సెంటరో, కర్రీ పాయింటో నడుపుతున్నవారు ఆన్‌లైన్ ప్రకటనల మాట వచ్చేసరికి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు పెట్టాలా, యూట్యూబ్‌లో పెట్టాలా, గూగుల్‌లో పెట్టాలా, లేక వాట్సాప్‌తో సరిపెట్టుకోవచ్చా? వేదికల గుణగణాలను ఎంత పోల్చినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. మీరు అమ్మే వస్తువును ఇంట్లో ఎవరు ముందు చూస్తారు, ఎవరు వాకబు చేస్తారు, ఎవరు డబ్బు కడతారు అన్న మూడు సంగతులు తేలితే వేదిక దానంతట అదే తేలుతుంది. మన ఇళ్లలో ఈ ముగ్గురూ ఒకే వయసు వారు కావడం అరుదు. ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి ఒక హాస్టల్ వీడియోను రీల్స్‌లో చూస్తుంది. ఉద్యోగం చేస్తున్న అక్క గూగుల్‌లో ఆ హాస్టల్ రివ్యూలు చదువుతుంది. తండ్రి ఫోన్ చేసి ఫీజు గురించీ, భోజనం గురించీ, వార్డెన్ గురించీ అడిగి అడ్వాన్సు పంపుతాడు. ఈ ముగ్గురిలో ఎవరిని వదిలేసినా ఆ సీటు పక్క హాస్టల్‌కు పోతుంది.

అందువల్ల ఈ పోలికను వయసులతో మొదలుపెట్టి వేదికల దగ్గరికి వస్తాను. నెలకు 5,000 నుంచి 50,000 రూపాయల దాకా ప్రకటనలకు పెట్టగలిగినవారిని మనసులో ఉంచుకుని రాస్తున్నాను. అంతకు మించి ఖర్చు పెట్టగల సంస్థలు అన్నిచోట్లా కనిపించగలవు. చిన్నవారు ఉన్న కాస్త డబ్బునూ నాలుగు చోట్లకు పంచితే ఏ ఒక్క చోటా గట్టిగా కనిపించరు కాబట్టి, వారికి ఎంపిక తప్పదు.

ఈ అలవాట్లు వేరుపడిన తీరు

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోయాక, అప్పటిదాకా ఫోన్‌ను మాట్లాడటానికే వాడిన పెద్దవారు యూట్యూబ్‌కు అలవాటుపడ్డారు. అక్కడ టైపు చేయవలసిన పని తక్కువ, తెలుగులో దొరికేది ఎక్కువ. ప్రవచనాలు, వంటలు, వార్తలు, పాత సినిమాలు అన్నీ ఒక్క చోటే ఉన్నాయి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. పొట్టి వీడియోలకు అలవాటుపడిన యువత అటు మళ్లింది. వాట్సాప్ మాత్రం అన్ని వయసుల వారి చేతుల్లోనూ ఉంది గానీ, దాన్ని ఒక్కొక్కరు ఒక్కో పనికి వాడుతున్నారు.

పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు

ఈ వయసు వారు కొత్త దుకాణం పేరు వినగానే చాలాసార్లు గూగుల్ కన్నా ముందు ఇన్‌స్టాగ్రామ్‌లోనే వెతుకుతారు. వారు పేజీని చూసే తీరు గమనించదగినది. యజమాని పెట్టిన పోస్టులను పైపైన దాటేసి, ఇతరులు ఆ పేజీని ట్యాగ్ చేసిన ఫొటోల దగ్గరికి వెళతారు, ఎందుకంటే అక్కడ లైటింగ్ లేని అసలు బట్ట, అసలు బిర్యానీ ప్లేటు కనిపిస్తాయి. ఆ తరువాత కామెంట్లు తెరిచి, ధర అడిగిన వారికి జవాబు దొరికిందా అని చూస్తారు. చాలా పేజీలు ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని వదిలేస్తాయి. ఈ వయసు వారిలో చాలామంది ఆ మాట చూడగానే వెళ్లిపోతారు. ధర దాచారంటే అది తమ చేతికి అందేది కాదనో, మనిషిని బట్టి మారుతుందనో అనుకుంటారు. వీడియో మీదే ధర రాయడం పైసా ఖర్చు లేని మార్పు, ఈ వర్గం విషయంలో నేను అన్నిటికన్నా ముందు సూచించేది అదే.

వీరి ఖర్చు చిన్న మొత్తాల్లో ఉంటుంది, నిర్ణయం మాత్రం వేగంగా జరుగుతుంది. మాదాపూర్‌లో కెఫే, హిమాయత్‌నగర్‌లో బట్టలు, కోఠిలో పుస్తకాలు, ఫోన్ కవర్లు, జిమ్ సభ్యత్వం వంటి వాటికి రీల్స్, షార్ట్స్ నేరుగా పనిచేస్తాయి. ఇంట్లో ఇంకొకరి అనుమతి అవసరమైన వస్తువులకు ఈ వర్గాన్ని చేరడం సగం పని మాత్రమే. భాష విషయంలో ఒక మాట చెప్పాలి. వీరు రోజూ మాట్లాడే తెలుగులో ఇంగ్లిషూ హైదరాబాదీ హిందీ కలిసే ఉంటాయి. ప్రకటన కోసం ప్రత్యేకంగా తయారుచేసిన గ్రాంథిక వాక్యం వీరిని తాకదు, అలాగే బలవంతంగా పులిమిన కుర్రభాష కూడా వీరికి వెంటనే పట్టుబడుతుంది. దుకాణంలో పనిచేసే కుర్రవాడు కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడతాడో కెమెరా ముందూ అలాగే మాట్లాడితే చాలు.

పద్దెనిమిది ఏళ్లలోపు పిల్లల సంగతి వేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిది ఏళ్లు నిండనివారందరినీ బాలలుగానే లెక్కిస్తుంది, వారి ప్రవర్తనను గమనించడాన్నీ, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ కట్టడి చేస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటా సంస్థ కూడా కౌమార వయసు వారికి అభిరుచుల ఆధారంగా ప్రకటనలు గురిపెట్టే వీలును 2021లో, ఆడ మగ తేడాతో గురిపెట్టే వీలును 2023లో తొలగించింది. కాబట్టి ట్యూషన్లు, ఆటల శిక్షణ, పిల్లల బట్టలు అమ్మేవారు తల్లిదండ్రులతో మాట్లాడటమే చట్టరీత్యానూ సరైనది, వ్యాపారరీత్యానూ సరైనది. పిల్లల ఫోన్ నంబర్లు పోగుచేసే పోటీలూ, క్విజ్‌లూ పెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇరవై ఐదు నుంచి నలభై

వెతికి, పోల్చి, ఆపైన కొనే వర్గం ఇది. గచ్చిబౌలి, కొండాపూర్, నిజాంపేట, మియాపూర్ వైపు కొత్తగా స్థిరపడిన కుటుంబాల్లో ఈ వయసు వారు ఎక్కువగా కనిపిస్తారు. వీరికి సమయం తక్కువ, వీధితో పాత పరిచయమూ తక్కువ. పిల్లల డాక్టరు, ప్లేస్కూలు, వడ్రంగి, ఏసీ మెకానిక్, కారు సర్వీసు, ఏది కావాలన్నా ఫోన్ తీసి తమకు దగ్గరలో ఎవరున్నారో గూగుల్ మ్యాప్స్‌లో చూస్తారు. అక్కడ ఎన్ని నక్షత్రాలు ఉన్నాయన్నదాని కన్నా, ఈ నెలలో వచ్చిన రివ్యూలు ఉన్నాయా, చెడ్డ రివ్యూకు యజమాని మర్యాదగా జవాబిచ్చాడా అన్నది వీరిని ఎక్కువగా కదిలిస్తుంది. ఆ తరువాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘ఎవరికైనా తెలుసా?’ అని ఒక మాట అడుగుతారు. గ్రూపులో ఇద్దరు మంచివాడని చెబితే ప్రకటన అవసరమే ఉండదు; ఒకరు వద్దన్నా ఎంత ప్రకటన ఇచ్చినా ఫలితం ఉండదు.

ఈ వర్గానికి అమ్మేవారు డబ్బు ఖర్చు పెట్టే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను, అంటే గూగుల్‌లోనూ మ్యాప్స్‌లోనూ మీ దుకాణం వివరాలు చూపే పేజీని, సరిచేసుకోవాలి. అది ఉచితం. దుకాణం తెరిచే వేళలు, ఆదివారం ఉంటుందా లేదా, వాహనం నిలిపే చోటు, లోపలి ఫొటోలు, మ్యాపులో సరైన చోట పిన్ను ఉండాలి. మన గల్లీల్లో పిన్ను ఒక వీధి అటుఇటు అయినా బండి మీద వచ్చినవాడు విసిగి వెనక్కి పోతాడు. అది సరిగ్గా ఉన్నాక గూగుల్ సెర్చ్ ప్రకటన పెట్టుకోవచ్చు. వెతుకుతున్న మనిషి అప్పటికే అవసరంలో ఉంటాడు కాబట్టి ఒక్కో క్లిక్కుకు ఖర్చు రీల్స్ కన్నా ఎక్కువ పడినా, ఆ క్లిక్ కొనుగోలు దాకా వెళ్లే అవకాశమూ ఎక్కువే.

ఇన్‌స్టాగ్రామ్ కూడా ఈ వయసు వారి దగ్గర పనిచేస్తుంది, అయితే కంటికి ఇంపైన వస్తువుల విషయంలోనే. ఇంటి అలంకరణ, చీరలు, పుట్టినరోజు కేకులు, పెళ్లి ఫొటోలు అక్కడ చూస్తారు. ప్లంబర్‌ను మాత్రం అక్కడ వెతకరు. ఐటీ ప్రాంతంలో ఉత్తరాది వారూ, తమిళులూ, మలయాళీలూ కూడా గణనీయంగా ఉన్నారు గనుక ఒకే ప్రకటనను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ వేర్వేరుగా నడపడం మంచిది. పాతబస్తీ వైపు గిరాకీ ఉన్నవారు ఉర్దూను మరిచిపోకూడదు.

నలభై నుంచి అరవై

పర్సు ఈ వయసు వారి చేతిలోనే ఉంటుంది. పిల్లల చదువు, కూతురి పెళ్లి, బంగారం, ఇంటి స్థలం, వైద్యం వంటి పెద్ద ఖర్చులన్నీ వీరి సంతకంతోనే జరుగుతాయి. అయినా మన నగరంలో ప్రకటనలు తయారుచేసేవారు కుర్రవారు కావడం వల్ల, తాము చూసే వేదికల్లోనే అందరూ ఉన్నారని భావించి ఈ వర్గాన్ని నిర్లక్ష్యం చేస్తున్నారు. నేను గమనించిన లోపాల్లో వ్యాపారులకు ఎక్కువ నష్టం తెస్తున్నది ఇదే.

వీరు ఫేస్‌బుక్‌ను ఇంకా వదల్లేదు. పాత స్నేహితులు, సొంత ఊరి గ్రూపులు, కులసంఘాలు, ఉద్యోగ సంఘాలు అక్కడే ఉన్నాయి. యూట్యూబ్‌లో పొట్టి వీడియోల కన్నా పది పదిహేను నిమిషాల తెలుగు వివరణను ఓపికగా చూస్తారు. వాట్సాప్ స్టేటస్‌లను రాత్రి భోజనం అయ్యాక ఒకదాని తరువాత ఒకటి తిరగేస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉన్నవారు ఆషాఢం తగ్గింపులకూ, శ్రావణ శుక్రవారాలకూ, దసరాకూ ఈ స్టేటస్‌ను మించిన వేదిక వెతుక్కోనవసరం లేదు. చీరను నేల మీద పరిచి, కొంగు, అంచు, వెనుకవైపు నేత చూపిస్తూ, ధర చెబుతూ తీసిన అర నిమిషం వీడియో చాలు. దాన్ని చూసిన వదిన తన అక్కకూ, తోడికోడలికీ పంపుతుంది.

కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ నడిపేవారికి ఇక్కడ ఒక ముఖ్యమైన సూచన ఉంది. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న కోచింగ్‌కు ఫీజు కట్టేవారిలో చాలామంది హైదరాబాద్‌లో ఉండరు. సూర్యాపేటలో, ఖమ్మంలో, కరీంనగర్‌లో, మహబూబ్‌నగర్‌లో ఉంటారు. ప్రకటన గురిని నగరం చుట్టూ గీసుకుంటే అభ్యర్థులు కనిపిస్తారు గానీ తండ్రులు కనిపించరు. యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఆ జిల్లాలను ఎంచుకుని, ఫేస్‌బుక్‌లోనైతే వయసు 40 నుంచి 55, యూట్యూబ్‌లోనైతే 35–44, 45–54 వర్గాలు పెట్టి, తరగతి గది, భోజనశాల, బస్టాండు నుంచి దూరం చూపించే తెలుగు వీడియోను నడిపితే, అదే డబ్బుకు వచ్చే ఫోన్లు చదువు గురించి నిజంగా ఆరా తీసేవారివై ఉంటాయి.

స్థలాలూ ఫ్లాట్లూ అమ్మేవారు ఈ వయసు వారికి ప్రకటన ఇచ్చేటప్పుడు ఒక చట్టబద్ధమైన బాధ్యతను గుర్తుంచుకోవాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రకటనలో రెరా నమోదు సంఖ్యా, ప్రాధికార సంస్థ వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా ఉండాలి. ఫేస్‌బుక్ పోస్టు కూడా ప్రకటనే. జీవితకాలపు పొదుపును పెట్టబోయే మనిషికి ఆ సంఖ్య కనిపించేటట్లు రాయడం అతని నమ్మకాన్ని గౌరవించడం కూడా.

అరవై దాటినవారు

ఏఎస్ రావు నగర్, సైనిక్‌పురి, రామచంద్రాపురం, వనస్థలిపురం వంటి చోట్ల ఈసీఐఎల్, భెల్, సైన్యం, ప్రభుత్వ శాఖల నుంచి పదవీ విరమణ చేసినవారు చాలామంది ఉన్నారు. పింఛను వస్తుంది, సమయం ఉంది, ఫోనూ ఉంది. అయినా వీరికి ప్రకటన చేసే పద్ధతి మిగతా అందరికీ చేసే పద్ధతికి పూర్తిగా భిన్నం.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఈసీఐఎల్ వైపు ఉండే ఒక పెద్దాయన ఉదయం కాఫీ తాగి టీవీలో యూట్యూబ్ పెట్టి ప్రవచనం చూస్తున్నారనుకోండి. మధ్యలో కంటి ఆసుపత్రి ప్రకటన వస్తుంది. రిమోట్‌తో దాన్ని దాటించడం కష్టం కాబట్టి చాలావరకు పూర్తిగానే చూస్తారు. నచ్చినా టీవీలో నొక్కడానికి ఏమీ ఉండదు, క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయడానికి ఫోన్ పక్కగదిలో ఛార్జింగులో ఉంటుంది. తెర మీద ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో పది పన్నెండు సెకన్లు నిలబడితే కాగితం మీద రాసుకుంటారు, మూడు సెకన్లలో మాయమైతే అంతటితో పోయినట్టే. పదకొండు గంటలకు ఫోన్ చేసి ఆయన అడిగే మొదటి మాట ధర గురించి ఉండదు. ‘అమ్మా, మీరు రాధిక థియేటర్ వైపా, ఈసీఐఎల్ చౌరస్తా వైపా? లిఫ్టు ఉందా?’ అని అడుగుతారు. ఆ ఫోన్‌ను మనిషి ఎత్తి, తెలుగులో నిదానంగా జవాబిస్తే ఆయన వస్తారు. ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే యంత్రస్వరం ఎదురైతే పెట్టేస్తారు.

వీరు లింకులకు భయపడతారు, ఆ భయానికి కారణం ఉంది. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ సందేశాలూ, పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్టు మోసాలూ పెద్దవారినే ఎక్కువగా లక్ష్యం చేసుకుంటున్నాయి. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉన్న సంగతి పిల్లలు వారికి పదేపదే చెబుతున్నారు. ఈ పరిస్థితిలో ‘ఈ లింకు నొక్కి మీ వివరాలు నింపండి’ అనే ప్రకటన వీరికి మోసంలాగే కనిపిస్తుంది. చిరునామా, ల్యాండ్‌ఫోన్ ఉంటే దాని నంబరు, దుకాణం బోర్డు ఉన్న ఫొటో, వచ్చి చూశాకే డబ్బు కట్టవచ్చన్న మాట ఉంటే సందేహం తగ్గుతుంది. ‘ఈరోజే ఆఖరు’ అని తొందరపెట్టే పద్ధతిని వీరి మీద వాడకూడదని గట్టిగా చెబుతున్నాను. మోసగాళ్లు వాడే తొందర కూడా అదే.

మరొక సంగతి, వీరి తరఫున వెతికేవారు చాలాసార్లు వేరే ఊర్లో, వేరే దేశంలో ఉంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు తన పని అయ్యాక, సైనిక్‌పురిలో ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు కోసం గూగుల్‌లో ఇంగ్లిషులో వెతుకుతుంది. గూగుల్ ప్రకటనల అమరికలో, ఒక ప్రాంతంలో ఉన్నవారికే కాక ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపేవారికి కూడా ప్రకటన కనిపించేలా చేసే ఎంపిక ఉంది. నర్సింగ్ సేవ, భోజనం క్యారియర్లు, వినికిడి యంత్రాలు, మందుల సరఫరా వంటి వ్యాపారాలు ఆ ఎంపికను రోజుకు ఒక చిన్న పరిమితితో వాడి చూడాలి. కూతురికి కావలసింది వాట్సాప్‌లో రాతపూర్వక జవాబు, విదేశీ కార్డుతో చెల్లించే వీలు. తండ్రికి కావలసింది తెలుగులో ఒక ఫోన్ కాల్. ఒకే సేవకు రెండు వయసులకు సరిపోయే రెండు ప్రకటనలు అవసరమవుతాయి.

వయసు గురి ఎక్కడ తప్పుతుంది

ప్రకటన పెట్టేటప్పుడు వయసు ఎంచుకునే గడి చూసి, అది ఖచ్చితమైన కొలత అని చాలామంది నమ్ముతారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఆ వయసు ప్రధానంగా ఖాతా తెరిచినప్పుడు మనిషి చెప్పుకున్న పుట్టిన తేదీ మీద ఆధారపడుతుంది. గూగుల్‌లో 18–24, 25–34, 35–44, 45–54, 55–64, 65 పైన అనే వర్గాలతో పాటు ‘వయసు తెలియనివారు’ అనే వర్గం కూడా ఉంటుంది, అందులో చాలామంది పడతారు. కేవలం పెద్దవారిని ఎంచుకుని ఆ ‘తెలియనివారి’ గడిని తీసేస్తే, వయసు వివరం నమోదు కాని పెద్దవారు కూడా దానితో పాటే పోతారు.

మన ఇళ్లలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. అమ్మమ్మ చేతిలో ఉన్న ఫోన్ మనవడు వాడి ఇచ్చింది, ఖాతా కూడా అతనిదే. హాల్లో ఉన్న టీవీలో యూట్యూబ్ కొడుకు మెయిల్‌తో తెరిచి ఉంటుంది. గూగుల్ దృష్టిలో ప్రవచనం చూస్తున్నది ముప్పై ఏళ్ల మనిషి. అందుకే పెద్దవారిని చేరడానికి వయసు గడి కన్నా, వారు చూసే విషయాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. భక్తి, ఆయుర్వేదం, పాత పాటలు, వంట, వ్యవసాయం వంటి అంశాల వీడియోల మీద ప్రకటన వచ్చేట్టు అమర్చవచ్చు. కుర్రవారి విషయంలో ఫోన్ ఎవరికి వారిదే కాబట్టి వయసు గడి చాలావరకు నమ్మదగినది.

వేదికలను పక్కపక్కన పెట్టి చూస్తే

ఇన్‌స్టాగ్రామ్ కంటికి నచ్చే, వెంటనే కొనే వస్తువులకు మేలు. అది తరచుగా కొత్త వీడియోలు కోరుతుంది. వారానికి రెండు మూడు తీయగలిగే మనిషి మీ దగ్గర లేకపోతే ఆ పేజీ నెల తిరగకముందే ఎండిపోతుంది. యూట్యూబ్‌లో ఒకసారి బాగా తీసిన వివరణ వీడియో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అక్కడ చూసేవారు దాటించగలిగే ప్రకటన విధానంలో, 30 సెకన్లు చూసినా, అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూసినా, లేదా నొక్కినా మాత్రమే డబ్బు లెక్కకు వచ్చే పద్ధతి ఒకటుంది. దాటించే బొత్తం ఐదు సెకన్ల తరువాత వస్తుంది గనుక ఆ ఐదు సెకన్లలోనే ప్రాంతం పేరూ, మీరు అమ్మేదీ వినిపించాలి. ఆసక్తి లేనివారు ఖర్చు లేకుండా వెళ్లిపోతారు. గూగుల్ సెర్చ్ అవసరం పుట్టాక పట్టుకునే వేదిక, అవసరాన్ని పుట్టించలేదు. కొత్త రకం వస్తువును ఎవరూ పేరు పెట్టి వెతకరు కాబట్టి దానికి సెర్చ్ ప్రకటన వృథా.

వాట్సాప్ కొత్తవారిని తేదు, వచ్చినవారిని నిలబెడుతుంది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అందులో సరుకుల క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒక్కోదానికి 256 మంది దాకా చేర్చవచ్చు, అయితే మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. బిల్లు కట్టే సమయంలో అడిగి, వారు సరేనంటేనే జాబితాలో చేర్చి, నంబరు సేవ్ చేయించడం దీనికి సరైన దారి. ఎక్కడో కొన్న నంబర్ల జాబితాకు సందేశాలు పంపితే కొందరు బ్లాక్ చేసి ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదులు పెరిగితే మీ నంబరే ఆగిపోతుంది.

ఇన్‌ఫ్లుయెన్సర్లతో చేయించే వీడియోలు ముప్పై ఐదు లోపు వారి మీద బాగా పనిచేస్తాయి, తిండికీ బట్టలకీ మరీ ముఖ్యంగా. డబ్బు తీసుకుని చేసిన వీడియోలో ఆ సంగతి స్పష్టంగా తెలపాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు తెచ్చింది. వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. లక్షల మంది అనుచరులున్నవారి కన్నా, మీ దుకాణం ఉన్న ప్రాంతంలోనే తిరుగుతూ అక్కడి తిండి, అక్కడి అంగళ్ల గురించి చెప్పేవారిని ఎంచుకోండి. కూకట్‌పల్లిలోని కెఫేకు విశాఖపట్నంలో ఉన్న వీక్షకుడు ఎప్పటికీ రాడు.

డబ్బు ఎలా పెట్టాలి

నెలకు 10,000 రూపాయలు మాత్రమే ఉన్నవారు ముందుగా 18 శాతం జీఎస్టీని లెక్కలో వేసుకోవాలి. 10,000 ప్రకటనకు పోతే చెల్లించేది 11,800. సాధారణ పద్ధతిలో జీఎస్టీ నమోదు ఉన్నవారు తమ జీఎస్టీ సంఖ్యను ప్రకటనల ఖాతాలో నమోదు చేస్తే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టవలసిన జీఎస్టీలోంచి మినహాయింపుగా తీసుకోవచ్చు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు.

ఆ మొత్తంతో కెఫే లేదా యువత బట్టల దుకాణం నడిపేవారు పూర్తిగా ఇన్‌స్టాగ్రామ్‌నే ఎంచుకోవడం మేలు. రిపేర్లు, క్లినిక్, ప్లేస్కూలు వంటివారు పూర్తిగా గూగుల్ సెర్చ్‌లో పెట్టాలి. చీరలు, నగలు, క్యాటరింగ్ వంటివారు వాట్సాప్‌ను ఉచితంగా నడుపుతూ, డబ్బును ఫేస్‌బుక్‌లో వాట్సాప్ సంభాషణకు దారితీసే ప్రకటన మీద పెట్టాలి. ఆ ప్రకటనను నొక్కినవారు నేరుగా మీతో మాట్లాడతారు, నలభై దాటినవారికి ఫారాలు నింపడం కన్నా అది సుఖం. కోచింగ్, హాస్టల్ వారికి జిల్లాల తల్లిదండ్రుల కోసం యూట్యూబ్. పెద్దవారి సేవలు అందించేవారు సగం సెర్చ్‌లో పిల్లల కోసం, సగం యూట్యూబ్‌లో పెద్దల కోసం పెట్టవచ్చు. చిన్న బడ్జెట్‌లో రెండు వేదికలకు నేను ఒప్పుకునేది ఈ ఒక్క సందర్భంలోనే.

పండగ రోజుల్లో ప్రకటన ధర పెరుగుతుంది. ఈ వేదికలన్నీ వేలం పద్ధతిలో నడుస్తాయి కాబట్టి దసరా, దీపావళి ముందు పెద్ద కంపెనీలన్నీ ఒకేసారి దిగినప్పుడు అదే డబ్బుకు తక్కువ మంది కనిపిస్తారు. ఆ వారాల్లో పాత గిరాకీని వాట్సాప్‌లో పలకరించి, కొత్తవారి కోసం ఖర్చును పండగకు మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టడం పొదుపు.

ఎంచుకున్న వేదికను కనీసం ఆరేడు వారాలు కదపకుండా నడపండి. బిల్లు పుస్తకం పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, వచ్చినవారిని ‘మా గురించి ఎక్కడ తెలిసింది?’ అని అడిగి, జవాబు పక్కన వారి వయసు సుమారుగా రాయించండి. మెటా, గూగుల్ రెండూ వయసుల వారీగా ఖర్చు, క్లిక్కులు, ఫోన్ కాల్స్ విడదీసి చూపే పట్టికను ఇస్తాయి గానీ, ఆ పట్టికలో కనిపించేది ప్రకటనను నొక్కినవారు. మీ పుస్తకంలో కనిపించేది డబ్బు కట్టినవారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించాలి.

ఈ పనిని ఏజెన్సీకి అప్పగించేవారు ఒప్పందానికి ముందే రెండు షరతులు పెట్టుకోవాలి. పేజీ, ప్రకటనల ఖాతా, గూగుల్ ప్రొఫైల్ మీ మెయిల్ మీదే ఉండాలి, వారికి నిర్వహణ అనుమతి మాత్రమే ఇవ్వాలి. లేదంటే విడిపోయిన రోజున మీ రివ్యూలూ, మీ గిరాకీ జాబితా వారి దగ్గరే ఉండిపోతాయి. రెండవది, నెలనెలా వచ్చే నివేదికలో మొత్తం వ్యూస్‌కు బదులు వయసుల వారీ పట్టిక అడగాలి. చీరల దుకాణం ఖర్చులో ఎక్కువ భాగం 18–24 వరుసలో కనిపించి, మీ నోటుపుస్తకంలో మాత్రం నలభై ఐదు దాటినవారే ఉంటే, తరువాతి నెల ప్రకటన వయసును 35 నుంచి మొదలుపెట్టమని ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి.